అమ్మాయి పైజమా, ఎడమ కాలు

4, ఆదివారం

అమ్మాయి వస్తోంది. గురువారం. పది రోజులు ఉంటుందట.

ఈ మాట ఎక్కడైనా రాసి పెట్టుకోకపోతే నిజం కాకుండా పోతుందేమో అనిపించి కాగితం కోసం వెతికాను. నా ఇంట్లో కాగితమంటే ఈ కొలతల పుస్తకమే. ముందు సగమంతా జనం ఛాతీలు, నడుములు, భుజాలు. వెనక సగం ఖాళీ. కొట్టు మూసి కుట్టు మిషను ఇంటికి తెచ్చుకున్నాక కొత్త కొలతలు రాసే పని పెద్దగా పడలేదు. ఏడో తరగతి చదువు నాది. తప్పులుంటే ఉండనీ, చదివేది నేనేగా.

ఫోనులో అది అన్నది అన్నట్టు రాసుకుంటాను. "నాన్నా, సెలవు దొరికింది. నీ దగ్గరికి రానా?" రానా అని అడిగింది. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. "ఏం, వద్దా?" అంది. "అడుగుతావేంటే తల్లీ, ఇల్లు నీదే కదా" అన్నాను. ఒక్క గది, ఒక వంట గట్టు, మెట్ల కింద నీళ్ళ కుళాయి. దాన్ని ఇల్లన్నాను.

ఫోను పెట్టేసి మెట్లు దిగి కింద ఇస్త్రీ తమ్ముడికి చెప్పాను. ఆ ఊపులోనే రోడ్డు దాటి రొట్టెల కొట్టులో చెప్పాను. "మీకు అమ్మాయి ఉందా?" అన్నాడు కొట్టాయన. ఆరేళ్ళుగా ఆయన దగ్గరే రొట్టె కొంటున్నాను.

5, సోమవారం

నిద్ర లేచినప్పటి నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మూడేళ్ళయింది అది ఈ గుమ్మం తొక్కి. తప్పు నాదే. వేరే ఊళ్ళో మ్యాపులు గీసే ఆఫీసులో పని దొరికింది, వెళ్తాను అంది. సరే అని తల ఊపి, తీరా రైలు వచ్చాక పెట్టె లాక్కున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ పిల్ల పెట్టె, ప్లాట్‌ఫాం మీద, అందరి ముందూ. "ఎవరు చూస్తారే నిన్ను అక్కడ, నొప్పి వస్తే ఎవరు పట్టుకెళ్తారు" అని అరిచాను. అది నా చేతి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పెట్టె తీసుకుంది. "నన్ను మనిషిలా చూడు నాన్నా, మందుల చీటీలా చూడకు" అని ఎక్కేసింది. తర్వాత నెలకో ఫోను. బాగున్నావా, బాగున్నాను.

దానికి నాలుగేళ్ళప్పుడు డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. మన రక్తంలో కణాలు బిళ్ళల్లా గుండ్రంగా ఉంటాయట. దీనివి కొడవలిలా వంగిపోతాయి. సికిల్ సెల్ అంటారు. సన్నటి నరాల్లో ఇరుక్కుంటాయి, ఇరుక్కున్న చోటల్లా నొప్పి. వంగిన సూది బట్టలో దిగబడినట్టే అనుకున్నాను. సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తేనే ఈ జబ్బు అని కూడా చెప్పింది. రెండు ముక్కలూ కలిపి కుట్టింది మేమే. మా ఆవిడ ఆ మాట మోసుకునే పోయింది. నేను ఇంకా మోస్తున్నాను.

ఇరవై దాటడం కష్టం అన్నారు. ముప్ఫై నాలుగు. గురువారం వస్తోంది.

కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఒంట్లో ఎలా ఉందని అడగను. నీళ్ళు తాగావా అనను. స్వెటర్ వేసుకో అనను. పది రోజులే కదా, నోరు కట్టేసుకోలేనా.

6, మంగళవారం

దానికి పైజమాలు కుడుతున్నాను, రెండు. మెత్తటి బట్ట, లేత నీలం. ఫోను చేసి అడిగితే, "వదులుగా కుట్టకు నాన్నా, నువ్వు కుట్టినవి వేసుకుంటే గోనెసంచిలో ఉన్నట్టుంటాను. పిక్కల దగ్గర పట్టినట్టుండాలి" అంది. నిజమే, దానికి ఎప్పుడు కుట్టినా రెండంగుళాలు ఎక్కువ పెట్టేవాడిని. ఈసారి చెప్పింది చెప్పినట్టు కుట్టాను. చిన్నప్పటి నుంచి దాని ఒంటి కొలత నా వేళ్ళకి తెలుసు. కొత్త కొలత ఇదీ: పిక్క పదమూడు అంగుళాలు.

నూలు దుమ్ముకి దగ్గు. ఈ బట్టకి పొట్టు ఎక్కువ.

7, బుధవారం

గది కడిగాను. దుప్పట్లు ఎండేశాను. ఇస్త్రీ తమ్ముడు పైజమాల మీద పెట్టె తిప్పుతూ, "మాస్టారూ, దగ్గుతున్నారు. మా ఆవిడకి కూడా వారం నుంచి ఇదే దగ్గు. చూపించుకోండి" అన్నాడు. "ఇది పొట్టు దగ్గురా, యాభై ఏళ్ళ పాత స్నేహం" అన్నాను. నవ్వాడు. ఒళ్ళు నొప్పులంటావా, గది కడిగితే నొప్పులు పుట్టవా.

రేపు.

8, గురువారం

వచ్చింది.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. నేను గంట ముందే వెళ్ళాను. దాని బోగీ ఎక్కడ ఆగుతుందో తెలియక ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. రైలు లోపలికి వస్తుంటే సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. స్తంభం వెనక్కి వెళ్ళి రుమాలులో దగ్గి, నోరు తుడుచుకుని నవ్వు మొహంతో వచ్చాను.

జుట్టు కత్తిరించుకుంది. కళ్ళజోడు వచ్చింది. సన్నబడింది, ఆ సంగతి అనలేదు. పెట్టె నేను పట్టుకోబోతే, "లాక్కోవుగా?" అంది. ఇద్దరం నవ్వాం. మూడేళ్ళు ఆ ఒక్క నవ్వులో కరిగిపోయినట్టనిపించింది.

9, శుక్రవారం

పొద్దంతా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పింది. దాని ఆఫీసులో పెద్ద మ్యాపు మీద ఒక వీధిని మర్చిపోయారట, నాలుగు నెలలు ఎవరూ చూడలేదట. ఆ వీధిలో ఉన్నవాళ్ళు ఏమయ్యారే అంటే, "ఉన్నారు నాన్నా, కాగితం మీదే లేరు" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వుకి దగ్గు తోడయింది.

"ఏంటది?"

"పొట్టు."

పైజమా వేసుకుని అద్దం ముందు తిరిగింది. "అబ్బ, ఇన్నాళ్ళకి మనిషి బట్టలు కుట్టావు." నా చేతిపని మీద ఇంత మంచి మాట మహారాజులు అన్నా నాకు ఇంత ఆనందం ఉండదు.

నియమాలన్నీ పాటించాను. నీళ్ళ గ్లాసు మాత్రం దాని చేతికి అందేలా పెట్టి, నాకోసమే పెట్టుకున్నట్టు నటించాను.

10, శనివారం

దానికి గొంతు గరగర. ప్రయాణం బడలిక.

11, ఆదివారం

నూట ఒకటి. అది పెద్ద జ్వరం కాదు. పొద్దున్నే తగ్గుతుంది.

12, సోమవారం

తగ్గలేదు. తెల్లవారేసరికి ఛాతీ పట్టుకుని కూర్చుంది. "నాన్నా, ఊపిరి తీసుకుంటే పొడుస్తోంది" అంది. అది నోరు తెరిచి నొప్పి అని చెప్పిందంటే ఎంత నొప్పో నాకు తెలుసు. ఇస్త్రీ తమ్ముడు ఆటో తెచ్చాడు. పైజమా మీదే తీసుకెళ్ళాను.

పెద్దాసుపత్రిలో వెంటనే ముక్కుకి ఆక్సిజను పెట్టారు. ఊపిరితిత్తిలో నెమ్ము చేరిందట. ముక్కులో పుల్ల పెట్టి దాన్ని పరీక్ష చేశారు. నన్నూ చేశారు. ఇద్దరికీ ఒకటే వైరస్. మామూలు మనిషికి వారం దగ్గు, దీనికి అలా కాదు అన్నారు. "పెద్దాయనా, మీరు లోపల ఉండకూడదు. వార్డులో ఇంకా ఇలాంటివాళ్ళున్నారు. వచ్చే వారం మంగళవారం దాకా రాకండి" అన్నాడు డాక్టరు. వారంపైన.

"ముందు ఎవరికొచ్చింది?" అని అడిగాడు.

ప్రయాణంలో ఎక్కడో అంటుకుని ఉంటుందండీ అన్నాను.

అమ్మాయి నా వైపు చూసి కళ్ళు మూసుకుంది.

13, మంగళవారం

గదిలో ఒక్కడినే. తలుపు మీద ఇస్త్రీ తమ్ముడు కాగితం అంటించాడు, ఎవరూ రాకుండా. అసలే ఎవరూ రారు. కాగితం దండగ.

రొట్టె, పాలు మెట్ల మీద పెట్టి కింద నుంచి కేకేస్తాడు. "మాస్టారూ, ఉన్నారా?" "ఉన్నాను." అంతే రోజంతా మాట.

అమ్మాయి ఫోను చేసింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. ఒక సీసా రక్తం ఎక్కించారట. గొంతు నిన్నటి కంటే బాగుంది. ఎంత సంతోషమో చెప్పలేను. ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకున్నాను.

దాని స్టూలు మిషను పక్కనే ఉంది. జరపలేదు.

14, బుధవారం

జ్వరం తగ్గింది. ఆక్సిజను కూడా తగ్గించారు. ఫోనులో నవ్వింది. నేను గదిలో ఒక చుట్టు తిరిగాను, చూసేవాళ్ళు లేరు గనక.

సాయంత్రం మళ్ళీ చేసింది. "నాన్నా, ఆసుపత్రి గౌను బాగోలేదు, నీ పైజమానే వేసుకున్నా. కానీ ఎడమ కాలు బిగుతుగా ఉంది. పిక్క దగ్గర పట్టేస్తోంది. కుడిది బాగుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. యాభై ఏళ్ళు. ఒక కాలు వదులు, ఒక కాలు బిగుతు అని నా మీద ఒక్క మాట లేదు. కళ్ళు పోయాయి. కుట్టేటప్పుడు ఎడమ వైపు ఎక్కువ లోపలికి తీసుకుని ఉంటాను. చేతికి వణుకు ఉంది, ఒప్పుకోను గానీ ఉంది.

"అమ్మడూ, నర్సమ్మని కత్తెర అడుగు. పక్క కుట్టు పిక్క దగ్గర జానెడు విప్పు. లోపల అంచు వదిలాను, ఊడిపోదు."

"భలేవాడివి నాన్నా, ఆసుపత్రిలో కూడా ఆల్టరేషనా" అంది.

15, గురువారం

కుట్టు విప్పాక హాయిగా ఉందట. చూశావా, తప్పు నాదే.

రెండో పైజమా ఇక్కడే ఉంది, మడత పెట్టింది పెట్టినట్టు. అందులో ఎంత తప్పు కుట్టానో చూద్దామని టేపు పెట్టాను. కుడి, ఎడమ సమానం. నూలు పోగంత తేడా లేదు. ఇది బాగా కుట్టాను, అది పాడు చేశాను. ముసలితనం ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు కాబోలు.

ఇక మిషను ఎవరికైనా ఇచ్చేయాలి. ఇంత ఆనందంలో ఈ దిగులెందుకు అని కూడా అనిపించింది. అమ్మాయి కోలుకుంటోంది, మిషనుదేముంది.

దగ్గు తగ్గలేదు. "మాస్టారూ, ఉన్నారా?" "ఉన్నాను."

16, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదిన్నరకి ఫోను. "నీ పైజమా మళ్ళీ పట్టేస్తోంది నాన్నా" అని నవ్వింది.

"ఏ కాలు?"

"ఎడమదే. విప్పిన చోటే."

సరే చూద్దాంలే అనబోయాను. నోట్లోనే ఆగిపోయింది. విప్పిన కుట్టు తనంతట తాను బిగుసుకోదు. ఉతకని బట్ట కుంచించుకుపోదు. పైజమా కాళ్ళు విడివిడిగా కోయరు. బట్ట మడత పెట్టి, రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి ఉండగా ఒకే కత్తెరతో కోస్తారు. నేను ఎంత గుడ్డివాడినైనా కుట్టులో పోయేది పావంగుళం. అది బుధవారమే విప్పేశాం. బట్ట పెరగదు, తగ్గదు. మారితే మనిషే మారాలి.

మూడేళ్ళు పోగొట్టుకుని మానుకున్న ప్రశ్న అడిగాను.

"అమ్మడూ, ఆ కాలు నొప్పిగా ఉందా?"

"ఉంది. నాకు కాళ్ళు నొప్పి లేనిదెప్పుడు గనక. డాక్టరు అడిగితే కూడా ఎప్పుడూ ఉండే నొప్పే అని చెప్పాను."

"ఒక పని చెయ్యి తల్లీ. అక్కడ కట్లు కట్టే గుడ్డ పట్టీ ఉందా? మోకాలి చిప్పకి నాలుగు వేళ్ళ కింద కుడి కాలికి చుట్టు. బిగించకు, ఆనించు. కలిసిన చోట పెన్నుతో గీత పెట్టు. అదే పట్టీ ఎడమ కాలికి, అక్కడే."

ఫోను పక్కన పెట్టిన చప్పుడు. మంచం కిర్రుమంది.

"నాన్నా, గీత కలవడం లేదు."

"ఎంత?"

"మూడు వేళ్ళు."

రెండంగుళాలు. నర్సమ్మకి ఫోను ఇవ్వమన్నాను.

"చెప్పండి తాతగారూ."

"అమ్మా, మా అమ్మాయి ఎడమ పిక్క కుడిదానికంటే రెండంగుళాలు లావుంది. బుధవారం నుంచి పెరుగుతోంది."

"మీరు డాక్టరా?"

"కాదమ్మా. టైలర్ని."

"సెలైను ఎక్కిస్తున్నాం కదండీ, కొంచెం నీరు పడుతుంది."

"నీరు పడితే రెండు కాళ్ళకీ పట్టాలి కదమ్మా. రెండూ ఒకే మడతలో కోశాను నేను. తేడా బట్టది కాదు."

దుప్పటి తీసిన చప్పుడు వినపడింది. "ఇక్కడ నొక్కితే?" అని అడగడం, అమ్మాయి "అబ్బా" అనడం వినపడింది. తర్వాత నర్సమ్మ గొంతు మారిపోయింది. "తాతగారూ, డాక్టర్ని పిలుస్తున్నాను. అమ్మాయిని మంచం దిగనివ్వను. మీరు పెట్టేయండి."

పది. ఫోను రాలేదు.

పదకొండు. రాలేదు. ఛార్జింగు ఉంది, చూశాను.

సూదిలో దారం ఎక్కించాను. ఏం కుట్టాలో లేదు. తీసేశాను.

"మాస్టారూ, ఉన్నారా?" జవాబు ఇవ్వలేదు. మళ్ళీ పిలిచాడు. ఇంకోసారి పిలిచి, మెట్లెక్కి తలుపు అవతల కూర్చున్నాడు. "నేనిక్కడే ఉంటాను, మాట్లాడకపోయినా పర్లేదు" అన్నాడు. కింద ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చల్లారిపోయి ఉంటాయి.

రెండుంబావుకి డాక్టరు చేశాడు. స్కానింగులో కనపడింది. కాలి లోపలి పెద్ద రక్తనాళంలో గడ్డ. తొడ దాకా పాకింది. "ఈ జబ్బున్నవాళ్ళకి రక్తం మామూలుగానే త్వరగా గడ్డ కడుతుంది. దానికి తోడు వైరస్, నెమ్ము, మంచం మీదే పడుకోవడం. రాకుండా ఇంజెక్షను ఇస్తూనే ఉన్నాం, అయినా వచ్చింది" అన్నాడు. అక్కడి నుంచి ఒక ముక్క విడివడి పైకి వెళ్తే ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుందట. ఇప్పటికే సగం నెమ్ముతో ఉన్న ఊపిరితిత్తి.

"వెళ్ళిందా డాక్టరుగారూ?"

"లేదు. ఛాతీ కూడా స్కాను తీశాం. ఇక ఆదివారం దాకా కంటికి రెప్పలా కనిపెట్టి చూస్తాం. మందు ఎక్కువ మోతాదులో మొదలైంది. ఆమె నొప్పి ఆమెకి అలవాటు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మీకెలా తెలిసింది?"

"పైజమా అండీ" అన్నాను.

తలుపు అవతల ఉన్నవాడికి చెప్పాను. వాడు ఏడుస్తున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు. నా సంగతి నాకూ తెలియలేదు.

17, శనివారం

బుధవారం విప్పు అన్నాను. బుధవారమే ఎందుకు బిగుతయింది అని అడగలేదు. హాయిగా ఉందట అని రాసుకున్నాను. ఆ పేజీ చించేద్దామనుకుని ఆగాను.

18, ఆదివారం

ముక్క కదల్లేదు.

19, సోమవారం

ముక్క కదల్లేదు. కదల్లేదు. గంజి తాగిందట. నేను కూడా ఇక్కడ గంజి కాచుకుని, దాని స్టూలు ఎదురుగా కూర్చుని తాగాను.

20, మంగళవారం

నా పరీక్షలో వైరస్ లేదు. లోపలికి పోనిచ్చారు.

కిటికీ పక్క మంచం. ఒక కాలు దిండు మీద ఎత్తి పెట్టారు. పైజమా ఎడమ కాలు మోకాలి దాకా విప్పి ఉంది, దారాలు వేలాడుతున్నాయి. నన్ను చూసి చెయ్యి చాపింది. నేను గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

"అంత దూరం ఎందుకు?"

మొహం చెల్లలేదు. దారిలో వంద రకాలుగా అనుకున్న మాట ఒక రకంగానే వచ్చింది. "అది పొట్టు దగ్గు కాదే. నువ్వు రాకముందే నాకు ఒళ్ళు నొప్పులు, జ్వరం. ఇస్త్రీ తమ్ముడు చెప్పాడు చూపించుకోమని. చూపించుకుంటే నువ్వు రావు. అందుకని పొట్టు అన్నాను. నీకు అంటించింది నేనే. డాక్టరుకి కూడా అబద్ధం చెప్పాను."

ఈ పుస్తకంలో కూడా రాయలేదు. నాకు నేనే రాసుకునే పుస్తకంలో.

అమ్మాయి చాలాసేపు దిండు అంచు సర్దుకుంది. "తెలుసు నాన్నా" అంది.

"ఏం తెలుసు?"

"స్టేషన్లో స్తంభం వెనక్కి వెళ్ళి దగ్గావు. కిటికీలోంచి చూశాను. మాస్క్ బ్యాగు పై జేబులోనే ఉంది. పెట్టుకోవచ్చు. మూడేళ్ళ తర్వాత దిగుతూ దిగుతూ మొహానికి గుడ్డ కట్టుకుంటే నీ మొహం ఎలా అయిపోతుందో తెలుసు. తీయలేదు."

"తప్పు కదే."

"తప్పే. నువ్వు అడగకూడదని నోట్లో గుడ్డ కుక్కుకున్నావు, నేను చెప్పకూడదని. నీళ్ళ గ్లాసు నీకోసమే పెట్టుకున్నట్టు నటిస్తావా? ఒక్క గుక్క కూడా తాగలేదు నువ్వు."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. కుర్చీ జరుపుకుని మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఇక మీదట అడుగు" అంది. "రోజుకి ఒక్క ప్రశ్న. ఒక్కటే. నేను నిజం చెప్తాను. నేనూ ఒకటి అడుగుతాను, నువ్వు పొట్టు కథలు చెప్పకూడదు."

ఇంత గొప్ప ఒప్పందం నా జన్మలో ఎవరితోనూ చేసుకోలేదు.

24, శనివారం

ఇంటికి తెచ్చాను. కుడి 13, ఎడమ 14. మందు ఇంకా నెలల తరబడి వాడాలి. నడవాలి, నీళ్ళు తాగాలి. ఈ రెండూ డాక్టరు చెప్పాడు, నేను చెప్పలేదు.

28, బుధవారం

మిషను తొక్కుతుంటే పక్కన పడుకుని నిద్రపోయింది. ఇంతకంటే మనిషికేం కావాలి.

7, శనివారం

వెళ్ళింది. సెలవు అయిపోయింది, ఆఫీసు వాళ్ళు రెండు సార్లు పొడిగించారు. ఇక్కడే ఉండిపోవే అనే మాట స్టేషను దాకా నాలుక చివరే ఉంది. పెట్టె నేనే ఎక్కించాను, నేనే కిందికి దిగాను. మెడలో టేపు తీసి దాని చేతిలో పెట్టాను. ముప్ఫై ఏళ్ళ టేపు, అంకెలు నా వేలికి అరిగాయి. "రోజూ సాయంత్రం రెండు కాళ్ళూ" అన్నాను.

"అదే నీ ప్రశ్నా?"

"అదే."

రైలు పోయాక ఆ స్తంభం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఇంటికి వచ్చి స్టూలు చూసి ఈ రోజు కూడా జరపలేదు.

8, ఆదివారం

కుడి 13, ఎడమ 13 ముప్పావు. నాకు దగ్గు లేదు.

12, గురువారం

కుడి 13, ఎడమ 13న్నర. దగ్గు లేదు. మెడలో టేపు లేకపోతే చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది. ఇంకోటి కొనాలి.

19, గురువారం

కుడి 13, ఎడమ 13 పావు. శని, ఆదివారాలకి సోమవారం సెలవు కలిసొచ్చిందట, వచ్చే వారం శనివారం వస్తానంది. ఇస్త్రీ తమ్ముడికి చెప్పాను. రొట్టెల కొట్టాయనకి చెప్పాను. ఈసారి ఆయనే అడిగాడు, "అమ్మాయి ఏ రోజు వస్తోంది?" అని.

25, బుధవారం

గది కడిగాను. దుప్పట్లు ఎండేశాను. నూలు దుమ్ము ఎక్కువగా

26, గురువారం

నిన్న రాస్తున్న వాక్యం పూర్తి చేయలేదు. చేయను. కొట్టేయను కూడా, ఉండనీ.

నిన్నటి నుంచి దగ్గు. ఒళ్ళు నొప్పులు. గదిలో రెండు రోజులుగా మిషను మీద బట్టే లేదు, దుమ్ము ఎక్కడిది.

సాయంత్రం ఆరు గంటలకి ఫోను వచ్చింది. "పెట్టె సర్దేశాను నాన్నా" అంది. దాని గొంతు ఎంత ఉత్సాహంగా ఉందో. రేపొక్క రోజు ఆగితే, శనివారం పొద్దుటికి తగ్గిపోతుందేమో అనిపించింది. ఆ ఆశ ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు.

"ముందు నా ప్రశ్న" అంది. "దగ్గుందా?"

"ఉంది తల్లీ. నిన్నటి నుంచి. రావద్దు."

పెట్టె జిప్పు తీసిన చప్పుడు వినపడింది, మెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకి.

"సరే. తగ్గాక వస్తా" అంది. "చూపించుకుంటావా?"

"అది రెండో ప్రశ్న."

"చూపించుకుంటావా నాన్నా?"

"రేపు పొద్దున్నే." కింద కేకేసి చెప్పాను కూడా, ఇస్త్రీ తమ్ముడు తోడు వస్తానన్నాడు.

"ఇప్పుడు నీ ప్రశ్న" అంది. టేపు చుట్టలు విప్పిన చప్పుడు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అది రెండు సార్లు కొలిచింది. మొదటిసారి నమ్మలేదట.

అమ్మాయి. పిక్క.
కుడి 13.
ఎడమ 13.